కొవ్వొత్తిలో ఏం కలపాలి, ఎంత కలపాలి
(ఇంట్లో కొవ్వొత్తులు చేసేవారి శిక్షణ తరగతిలో ఇచ్చిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

మైనంలో కలిపే పదార్థాలున్న, బల్ల మీద వరసగా పెట్టిన ఈ చిన్న డబ్బాలను చాలామంది అప్పుడే ఫోటోలు తీసుకున్నారు. తీసుకోండి, తప్పేం లేదు. కానీ ఆ పేర్లన్నీ రాసుకుని రేపే కొనేయకండి. మీలో ఎక్కువమందికి వీటిలో ఒకటి చాలు. కొందరికి ఒక్కటీ అక్కర్లేదు. మీరు ఆ కొందరిలో ఉన్నారా లేదా అన్నది ఈ గంటలో తేల్చుకుందాం.

నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఒకటే: "కొవ్వొత్తి బాగా రావాలంటే ఏం కలపాలండి?" నేను తిరిగి అడుగుతాను: "ఇప్పుడు వస్తున్న దాంట్లో ఏం బాగాలేదు?" చాలాసార్లు దీనికి సరైన జవాబు ఉండదు. "అంటే... కొన్నవాటిలా లేదండి" అంటారు. అలా చెబితే మందు రాయలేం. అచ్చులోంచి ఊడి రావట్లేదా? ఊడి వచ్చాక పైన నూనె చెమ్మ కనిపిస్తోందా? రంగు వెలిసిపోతోందా? వెలిగిస్తే వాసన రావట్లేదా? ఎండాకాలంలో వంగిపోతోందా? ఒక్కోదానికి మందు వేరు. ఒకదానికి పనికొచ్చేది ఇంకోదాన్ని పాడుచేస్తుంది కూడా.

ఇంకో సంగతి. మనం మైనం మీద వేసే నిందల్లో సగం నిజానికి వత్తివి, లేకపోతే పోసే వేడివి. వత్తి పక్కన గుంట పడిందనుకోండి. పారాఫిన్, అంటే పెట్రోలియం నుంచి వచ్చే మామూలు కొవ్వొత్తి మైనం, చల్లబడి గట్టిపడేటప్పుడు ముడుచుకుంటుంది. దాని ఘనపరిమాణంలో పదో వంతు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే తగ్గుతుంది. అంచుల దగ్గర ముందు గట్టిపడుతుంది కాబట్టి తగ్గిన చోటు మధ్యలో గుంటగా కనిపిస్తుంది. దీనికి ఏ పొడీ కలపక్కర్లేదు. పైన పొర కట్టాక వత్తి పక్కన సన్నటి పుల్లతో రెండు మూడు చోట్ల గుచ్చి, లోపలి గాలి పోనిచ్చి, దాచి ఉంచిన మైనం మళ్లీ వేడి చేసి రెండోసారి పోస్తే సరిపోతుంది. కొవ్వొత్తి పక్కల అడ్డంగా తెల్ల గీతలు పడ్డాయంటే మైనం చల్లారాక పోశారని. మధ్యలో బావిలా కిందికి కాలిపోతూ అంచున మైనం మిగిలిపోతోందంటే వత్తి సన్నగా ఉందని. మసి కొడుతోందంటే వత్తి లావుగా ఉందని, లేదా వెలిగించే ముందు అర సెంటీమీటరు ఉండేలా కత్తిరించట్లేదని. ఇవన్నీ సరిచేసుకున్నాక కూడా లోటు మిగిలితే అప్పుడు ఈ డబ్బాల దగ్గరికి రండి.

వచ్చే ముందు మీ దగ్గరున్న మైనం ఏమిటో తెలుసుకోండి. "పారాఫిన్" అని అమ్మేవాటిలో 46 డిగ్రీల దగ్గర కరిగే మెత్తటి రకం ఉంది, 65 డిగ్రీలు దాటితే గాని కరగని గట్టి రకమూ ఉంది. గాజు గ్లాసులో పోసేవాటికి మెత్తటిది, అచ్చులో పోసి నిలబెట్టేవాటికి గట్టిది. పైగా ఇప్పుడు సంచుల్లో వచ్చే మైనాల్లో చాలావరకు ముందే కలిపి తయారు చేసినవి. వాళ్లు కలిపింది తెలియక మనం మళ్లీ కలిపితే రెండు మోతాదులు పడతాయి. సంచి మీద "బ్లెండ్" అనే మాట ఉందేమో చూడండి, తయారీదారు ఇచ్చే వివరాల కాగితం అడగండి. అందులో కరిగే వేడి, పోసే వేడి, ఎంత సువాసన నూనె పడుతుందో రాసి ఉంటుంది. ఆ కాగితం లేని మైనం కొనకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

సరే, మొదటి డబ్బా. స్టియరిక్ యాసిడ్. యాసిడ్ అనగానే చేతులు కాలుతాయనుకోకండి, ఇది కొవ్వుల్లోంచి, పామాయిల్ లాంటి నూనెల్లోంచి తీసే తెల్లటి రవ్వ. 69 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కొవ్వొత్తుల చరిత్రలో దీనికి పెద్ద స్థానం ఉంది. పూర్వం జంతువుల కొవ్వుతో చేసిన కొవ్వొత్తులు మెత్తగా ఉండేవి, పొగ, కంపు. ఫ్రాన్స్‌లో షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్త కొవ్వుల్లో ఏముందో విడదీసి చూసి, గే-లుసాక్ అనే తోటి శాస్త్రవేత్తతో కలిసి 1825లో స్టియరిక్ యాసిడ్ కొవ్వొత్తులకు పేటెంటు తీసుకున్నాడు. కొవ్వులోని గ్లిజరిన్ పోవడంతో ఆ ఘాటు పొగ తగ్గింది, కొవ్వొత్తి గట్టిపడింది. తర్వాత 1850లలో పారాఫిన్ వచ్చింది. చవక, శుభ్రంగా కాలుతుంది, కానీ తక్కువ వేడికే మెత్తబడిపోయేది. దానికీ స్టియరిక్ యాసిడే ఆసరా అయింది. అంటే కలపడం అనేది పారాఫిన్ కొవ్వొత్తి పుట్టిన దగ్గర్నుంచీ ఉన్న పనే.

ఇది ఏం చేస్తుంది? పారాఫిన్‌ను గట్టిపరుస్తుంది, వేడికి వంగకుండా నిలబెడుతుంది. నీళ్ల రంగులో సగం పారదర్శకంగా ఉండే మైనాన్ని పాలలా తెల్లగా చేస్తుంది. ఆ తెలుపు మీద రంగులు నిండుగా కనిపిస్తాయి. కొవ్వొత్తి అచ్చు గోడల నుంచి కాస్త ఎక్కువ ముడుచుకుంటుంది కాబట్టి సులువుగా ఊడి వస్తుంది. మోతాదు మైనం బరువులో 2 నుంచి 5 శాతం. కొందరు 10 దాకా వెళతారు. అంత అవసరం మామూలుగా రాదు.

దీంతో రెండు జాగ్రత్తలున్నాయి. రాగి, ఇత్తడి అచ్చుల్లో, పాత్రల్లో స్టియరిక్ యాసిడ్ వాడకండి. లోహాన్ని నెమ్మదిగా తింటుంది, మైనానికి పచ్చ ఛాయ కూడా రావచ్చు. రబ్బరు అచ్చులను కూడా పాడుచేస్తుంది. స్టీలు, అల్యూమినియం, సిలికాన్ అయితే బాధ లేదు. ఇక, శాకాహార పదార్థాలతోనే చేస్తున్నామని చెప్పి అమ్మేవాళ్లు ఇది దేని నుంచి తీసిందో అడిగి కొనాలి. జంతువుల కొవ్వు నుంచి తీసింది కూడా మార్కెట్లో ఉంటుంది, చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి.

గాజు గ్లాసులో పోసేవాళ్లు ఇప్పుడే నోట్సు కొట్టేసుకోవచ్చు. అచ్చు నుంచి ఊడి రావాలన్న గుణం మీకు అక్కర్లేదు, పైగా శత్రువు. మైనం గ్లాసు గోడను వదిలేస్తే మధ్యలో గాలి చేరి మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది. మీకు అతుక్కునేది కావాలి, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

రెండో డబ్బా, వైబార్. ఇది పెట్రోలియం నుంచి తయారయ్యే పాలిమర్, అంటే చిన్న అణువులు గొలుసులా కలిసిన పదార్థం. దీని గురించి కాస్త లోతుగా చెప్తాను, ఎందుకంటే సువాసన కొవ్వొత్తులు చేసేవాళ్లు ఎక్కువగా కొనేదీ, ఎక్కువగా అతి చేసేదీ ఇదే.

పారాఫిన్ అణువులు పొడవాటి గొలుసులు, దాదాపు కొమ్మల్లేనివి. చల్లబడేటప్పుడు అవి ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుని పలకల్లా స్ఫటికాలు కడతాయి. మనం కలిపిన సువాసన నూనెకు ఆ పేర్పులో చోటుండదు. స్ఫటికాల మధ్య సందుల్లోకి నెట్టేస్తాయి. నూనె ఎక్కువైతే ఆ సందులు కూడా నిండి, పైకి చెమటలా వస్తుంది, లేదా లోపలే మంచు పువ్వుల్లాంటి చారలు పడతాయి. వైబార్ అణువులకు కొమ్మలెక్కువ. పారాఫిన్‌తో పాటే అవీ స్ఫటికాల్లో చేరి, పలకలు పెద్దగా పెరగకుండా అడ్డుపడతాయి. స్ఫటికాలు చిన్నవైతే సందులు చిన్నవై, ఎక్కువై, నూనె అంతటా సమానంగా పట్టుకుని ఉంటుంది. ఏమీ కలపని పారాఫిన్‌లో సువాసన నూనె 3 శాతం దాటితే మామూలుగా ఇబ్బంది మొదలవుతుంది. వైబార్‌తో దాన్ని రెండింతల దాకా తీసుకెళ్లొచ్చు. గాలి బుడగలు తగ్గుతాయి, పైభాగం నున్నగా, నిండుగా వస్తుంది. స్టియరిక్‌లాగే తెల్లగా కూడా చేస్తుంది.

ఇందులో రెండు రకాలు గుర్తుపెట్టుకోండి. 103 అన్నది అచ్చు కొవ్వొత్తులకు, అంటే ఎక్కువ వేడికి కరిగే మైనాలకు. 260 అన్నది గ్లాసుల్లో పోసే మెత్తటి మైనాలకు. మోతాదు అర శాతం నుంచి 1 శాతం, మహా అయితే 2. అరకిలో మైనానికి 1 శాతం అంటే 5 గ్రాములే.

ఈ 5 గ్రాములు చూసి "ఇంతేనా?" అని ఇంకో చెంచా వేసేవాళ్లున్నారు. నూనెను పట్టుకోవడమే దీని పని అన్నాను కదా. ఎక్కువైతే మరీ గట్టిగా పట్టుకుంటుంది. కొవ్వొత్తి వెలుగుతున్నా వాసన గదిలోకి రాదు. అప్పుడు మనమేం చేస్తాం? వాసన చాలట్లేదని నూనె పెంచుతాం. నూనె పెంచాం కదా అని మళ్లీ వైబార్ పెంచుతాం. ఇలా పెంచుకుంటూ పోయిన కొవ్వొత్తికి ఖర్చే తప్ప వాసన ఉండదు. మీ సువాసన తగ్గిందనిపిస్తే ముందు వైబార్ సగానికి తగ్గించి చూడండి.

(సభలో ఒకరు: "అండీ, స్టియరిక్, వైబార్ రెండూ కలిపి వేయొచ్చా?")

వేయొచ్చు, ప్రమాదమేమీ లేదు, కానీ అవసరం రాదమ్మా. తెలుపు, గట్టిదనం చాలావరకు రెండూ ఇచ్చేవే. సువాసన లేకుండా బారుగా, గట్టిగా ఉండే కొవ్వొత్తి కావాలంటే స్టియరిక్. సువాసన ఉంటే వైబార్. రెండూ వేసి బాగా వచ్చిందనుకోండి, ఏది పనిచేసిందో మీకు తెలియదు. ఆ తెలియకపోవడమే తర్వాత ఇబ్బంది పెడుతుంది.

మైక్రోక్రిస్టలైన్ మైనం అని మూడోది, అంటే చాలా చిన్న స్ఫటికాలుండే పెట్రోలియం మైనం. పేరు పొడవే గాని పని సులువు. మెత్తటి రకం జిగురుగా ఉంటుంది, గ్లాసు గోడకు మైనం అతుక్కోవడానికి కొద్దిగా కలుపుతారు. ముంచి తీసే కొవ్వొత్తుల్లో పొరలు ఊడకుండా, చేత్తో మలిచేవాటిలో పగలకుండా ఉండటానికి కూడా ఇదే. గట్టి రకం పైపూతకు. గ్లాసు కొవ్వొత్తులకు పెట్రోలియం జెల్లీ కలిపే పద్ధతి కూడా ఉంది. మైనం మెత్తబడి ముడుచుకోవడం తగ్గుతుంది. కానీ నిలబడే కొవ్వొత్తిలో మాత్రం పెట్టొద్దు, ఒంగి కూర్చుంటుంది.

ఇప్పుడు సోయా వాడేవాళ్లు. మీరు చాలామంది ఉన్నట్టున్నారు. ఇంతవరకు నేను చెప్పిన వైబార్ పారాఫిన్ కోసం పుట్టింది. సోయా మైనం హైడ్రోజన్ ఎక్కించి గట్టిపరిచిన సోయా నూనె. దాని అణువుల తీరే వేరు. అందులో వైబార్ వేసి లాభం ఆశించకండి. తెలుపు కోసం స్టియరిక్ కూడా వద్దు, సోయా ఎలాగూ తెల్లగానే ఉంటుంది. సోయాతో నిలబడే కొవ్వొత్తి చేయాలంటే మాత్రం స్టియరిక్ గాని, 62 నుంచి 64 డిగ్రీల దగ్గర కరిగే తేనెమైనం గాని కొంత కలిపితే గట్టిదనం వస్తుంది. తేనెమైనం ఎక్కువైతే మీ సువాసనను అణిచేస్తుంది, దాని సొంత వాసన, జిగట రెండూ ఉన్నాయి. కొబ్బరినూనె దీనికి ఎదురు. 24 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి సోయాను మెత్తబరుస్తుంది, పైభాగం నున్నగా వస్తుంది, వెలిగినప్పుడు మైనం త్వరగా కరుగుతుంది. గ్లాసులో 5 శాతం దాకా ప్రయత్నించవచ్చు. వేడి ప్రాంతాల్లో ఉన్నవాళ్లు తక్కువతో మొదలుపెట్టండి, లేకపోతే పార్శిల్ పెట్టె తెరిచేసరికి పైన నూనె తేలి ఉంటుంది.

(సభలో ఒకరు: "సోయాలో తెల్లగా పువ్వులు పూసినట్టు వస్తోంది, దానికి ఏం కలపాలి?")

అందరూ అడిగే ప్రశ్న ఇది. ఆ తెల్లటి పూత స్ఫటికాలే. సోయా మైనం గట్టిపడ్డాక కూడా నెమ్మదిగా ఇంకో స్థిరమైన స్ఫటిక రూపంలోకి మారుతూ ఉంటుంది. అది పైకి కనిపిస్తుంది. కాలడానికి, వాసనకు ఏ నష్టమూ లేదు. రంగు వేసినవాటిలోనే కంటికి కొడుతుంది. గ్లాసు ముందే గోరువెచ్చగా ఉంచడం, గాలి తగలని చోట నెమ్మదిగా చల్లారనివ్వడం, ఇల్లు చల్లగా, వేడిగా మారుతూ ఉండకుండా చూడటం... వీటితో తగ్గుతుంది, పూర్తిగా పోదు. పారాఫిన్ కలిసిన బ్లెండ్ వాడితే బాగా తగ్గుతుంది, కానీ అప్పుడు "నూటికి నూరు సోయా" అని రాసుకోలేరు. నా మాట వింటే, రంగు మానేయండి. తెల్ల మైనం మీద తెల్ల పూత ఎవరికీ కనపడదు. (నవ్వులు)

రంగు మాట వచ్చింది కాబట్టి. మైనంలో నూనెలో కరిగే రంగులే కలుస్తాయి. వంటింట్లో వాడే ఫుడ్ కలర్ నీళ్లలో కరిగేది, మైనంలో బొట్లుగా విడిపోయి అడుగున కూర్చుంటుంది. పిల్లల క్రేయాన్లు కరుగుతాయి గాని వాటిలో ఉన్నది కరగని రంగు పొడి. అది వత్తి దారాల మధ్య చేరి మైనం పైకి ఎక్కకుండా అడ్డుపడుతుంది. మెరుపుల మైకా పొడితోనూ అదే గొడవ. కొవ్వొత్తి మొదట బాగానే వెలిగి, అరగంటకు కునుకుతోందంటే అనుమానించాల్సింది దీన్నే.

కిటికీ దగ్గర పెట్టిన కొవ్వొత్తి రంగు వెలిసిపోతే దానికి అల్ట్రావయొలెట్ కాంతిని పీల్చే పొడి ఉంది. 0.1 నుంచి 0.5 శాతం చాలు. లేత ఊదా, గులాబీ రంగులకు ఇది బాగా అక్కరకొస్తుంది. కానీ వెనిల్లా వాసన వేసిన కొవ్వొత్తి గోధుమ రంగుకు తిరిగితే ఈ పొడి పెద్దగా కాపాడదు. ఆ రంగు వెనిలిన్ అనే పదార్థం వల్ల వచ్చేది, చీకట్లో పెట్టినా వస్తుంది. వెనిల్లాకు గోధుమ రంగే వేసేయడం తెలివైన పని.

ఇక వంటింట్లోంచి, అలమరలోంచి తీసి కలిపేవి. వీటిని గబగబా చెప్పేస్తాను. సెంటు బాటిల్లో ఉన్నది ఎక్కువగా ఆల్కహాల్. వేడి మైనంలో పోస్తే దాని ఆవిరికి మంట అంటుకునే ప్రమాదం ఉంది, వద్దు. దాల్చినచెక్క పొడి అడుగుకు దిగుతుంది, వత్తిని మూస్తుంది. ఎండు పూలు, కాఫీ గింజలు, ఆకులు ఫోటోలకు బాగుంటాయి, మంట దగ్గరికి రాగానే అవే రెండో వత్తులవుతాయి. ఉప్పు వేస్తే కొవ్వొత్తి ఎక్కువసేపు కాలుతుందని ఎవరో చెప్పి ఉంటారు. ఉప్పు మైనంలో కరగదు, కింద పడి ఉంటుంది. బోరాక్స్ (వెలిగారం), ఉప్పు కలిపిన నీళ్లలో దూది వత్తిని నానబెట్టడం వేరే పద్ధతి, అది వత్తికి చేసే శుద్ధి. దానితో వత్తి నెమ్మదిగా, శుభ్రంగా కాలుతుంది. ఒకటి రెండు రోజులు పూర్తిగా ఆరాలి, తడి మిగిలితే చిటపటమంటుంది.

కలిపే తీరు చెప్తాను. చెంచాలు పక్కన పెట్టండి. రేకులుగా ఉన్న పదార్థం చెంచాడూ, పొడిగా ఉన్నది చెంచాడూ బరువులో ఒకటి కావు. 0.1 గ్రాము చూపించే చిన్న తూకం యంత్రం ఈ డబ్బాలన్నిటికన్నా ముందు కొనాల్సింది. మైనం నేరుగా మంట మీద పెట్టకుండా వేడి నీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించండి. థర్మామీటర్ ఉండాలి. స్టియరిక్ 69 డిగ్రీలకు, వైబార్ 103 సుమారు 72 డిగ్రీలకు కరుగుతాయి కాబట్టి మైనం 80 దాటాక వేసి, ఒక్క రవ్వ కూడా కనపడనంతవరకు కలపాలి. సువాసన నూనె చివర్న. మైనం సుమారు 200 డిగ్రీలకు చేరితే ఆవిరి అంటుకుంటుంది, అంతదాకా ఎప్పుడూ పోనివ్వకండి. అంటుకుంటే నీళ్లు పోయకూడదు, మూత పెట్టి స్టవ్ ఆపాలి.

మైనంలో ఏది మార్చినా వత్తిని మళ్లీ పరీక్షించాలి. ఇది చాలామంది వదిలేసే మెట్టు. గట్టిపరిచేది కలిపితే మైనం ఆలస్యంగా కరుగుతుంది, పాత వత్తికి ఇంధనం చాలక మంట చిన్నబోతుంది. అప్పుడు ఒక సైజు పెద్ద వత్తి కావాలి. మెత్తబరిచేది కలిపితే కరిగిన మైనం ఎక్కువై వత్తి మునుగుతుంది, లేదా మంట పెద్దదై మసి కొడుతుంది. అందుకే ఒకే మైనంతో రెండు కొవ్వొత్తులు పోయండి. ఒకదాంట్లో ఏమీ కలపకండి, ఇంకోదాంట్లో ఒక్కటే కలపండి. వత్తి, గ్లాసు, వేడి అన్నీ ఒకటే. పారాఫిన్ అయితే రెండు మూడు రోజులు, సోయా అయితే వారం నుంచి రెండు వారాలు ఆగి, పక్కపక్కన వెలిగించండి. నాలుగు గంటలకోసారి ఆర్పి, పూర్తిగా చల్లారాక మళ్లీ వెలిగించి, చివరిదాకా కాల్చండి. మొదటి గంట చూసి తీర్పు ఇవ్వకండి. గ్లాసు సగానికి దిగాక వేడి పెరుగుతుంది, అసలు సంగతి అక్కడ బయటపడుతుంది.

(సభలో ఒకరు: "మిగిలిపోయిన పాత కొవ్వొత్తి ముక్కలన్నీ కరిగించి కొత్తవి చేస్తే వాటిలో ఏం కలపాలండి?")

ఏమీ కలపకండి. ఆ ముక్కల్లో ఎవరు ఏం కలిపారో, ఎంత కలిపారో మనకు తెలియదు. కరిగించి, పాత సాక్స్‌లోనో పల్చటి బట్టలోనో వడకట్టి, కాలిన వత్తి ముక్కలు, మసి తీసేయండి. చిన్న గ్లాసులో ఒకటి పోసి వెలిగించి చూడండి. మెత్తగా ఉందనిపిస్తే కొత్త గట్టి పారాఫిన్ సగం కలపండి, పొడులు వద్దు. సువాసనలు కలిసిపోయి ఏ వాసనా కాకుండా ఉంటే దాన్ని బాత్రూముకో, కరెంటు పోయినప్పటికో ఉంచుకోండి, అమ్మకండి. ఇప్పుడు లేచి ఈ బల్ల దగ్గరికి రండి, స్టియరిక్ వేసినది, వేయనిది రెండూ అచ్చులోంచి తీసి చూపిస్తాను.